నెల్లూరు తీరప్రాంతంలో పెల్లెట్ యంత్రం ఎంపిక: ముడిపదార్థమే కొలమానం

పెల్లెట్ యంత్రం కొనదలచిన రైతు ఉత్పత్తిదారుల సంఘం విస్తరణ శాస్త్రవేత్త ముందు మొదట ఉంచే ప్రశ్న సాధారణంగా ఒకటే: ఎన్ని హార్స్‌పవర్ యంత్రం తీసుకోవాలి? ఈ ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పబూనితే సలహా అక్కడే దారి తప్పుతుంది. ఏ పదార్థాన్ని పెల్లెట్‌గా మార్చాలి, ఆ పెల్లెట్‌ను ఎవరు కొంటారు అన్న రెండు విషయాలు తేలనిదే మోటారు సామర్థ్యాన్ని గురించి చెప్పదగినది ఏమీ ఉండదు. నెల్లూరు తీరంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇక్కడ ఒకే మండలంలో వరిగడ్డి, సరుగుడు కొమ్మలు, గొర్రెల మందలు, రొయ్యల చెరువులు నాలుగూ కనిపిస్తాయి. అందువల్ల "కట్టె, దాణా రెండింటికీ ఒకే యంత్రం" అని విక్రేత చెప్పే మాట ఇక్కడి సంఘాలకు సహజంగానే ఆకర్షణీయంగా ఉంటుంది.

పదజాలం గురించి ఒక మాట. పెల్లెట్‌కు 'గుళిక' అన్న చక్కని తెలుగు పదం ఉన్నది. అయితే వరి రైతుకు గుళికలు అనగానే స్ఫురించేది నారుమడిలో చల్లే పురుగుమందు. పశువుల దాణాను గుళికలని పిలవడం క్షేత్రస్థాయిలో అపార్థానికి, కొన్ని సందర్భాలలో ప్రమాదానికి కూడా దారితీయవచ్చును. కనుక ఈ వ్యాసంలో పెల్లెట్ అన్న పదమే వాడబడినది.

డై పనిచేసే తీరు

పెల్లెట్ యంత్రంలో ప్రధాన భాగం డై. రంధ్రాలు గల ఉక్కు చక్రంలోనికి పొడిచేసిన పదార్థాన్ని రోలర్లు నొక్కుతాయి. రంధ్రపు గోడకు, పదార్థానికి మధ్య పుట్టే ఒరిపిడి వల్ల ఒత్తిడి, వేడి ఏర్పడి పదార్థం గట్టిపడి బయటకు వస్తుంది. కట్టెలో ఉన్న లిగ్నిన్ ఈ వేడికి మెత్తబడి జిగురుగా పనిచేస్తుంది. దాణాలో ఆ పనిని ఆవిరికి ఉడికిన పిండిపదార్థం, మాంసకృత్తులు చేస్తాయి. రెండు పెల్లెట్లు చూపుకు ఒకే రీతిగా ఉన్నప్పటికీ వాటిని అతికించే విధానాలు వేరు.

రంధ్రపు పొడవును వ్యాసంతో భాగించగా వచ్చే నిష్పత్తి డై స్వభావాన్ని నిర్ణయిస్తుంది. కట్టె పొడికి 6 నుండి 8 మి.మీ. రంధ్రం, సుమారు 4 నుండి 7 రెట్ల పొడవు సరిపోతుంది. పశువుల దాణాకు 8 నుండి 12 రెట్లు, రొయ్యల మేతకు సుమారు 2 మి.మీ. రంధ్రంతో 18 నుండి 25 రెట్లు అవసరమవుతుంది. గట్టి పదార్థమైన కట్టెకు తక్కువ నిష్పత్తి, మెత్తని మేతకు ఎక్కువ నిష్పత్తి కావడం విద్యార్థులకు విచిత్రంగా తోచవచ్చును. కారణం ఒరిపిడిలో ఉన్నది. ఎండిన కట్టె పొడి రంధ్రపు గోడను బలంగా పట్టుకొంటుంది. దాణాలోని నూనె, ఆవిరి తేమ దానిని జారవిడుస్తాయి. జారే పదార్థం గట్టిపడాలంటే మరింత పొడవైన దారి కావలెను.

8 మి.మీ. రంధ్రానికి 5 రెట్లు అంటే 40 మి.మీ. పనిచేసే మందం. 2 మి.మీ. రంధ్రానికి 20 రెట్లు అన్నా అదే 40 మి.మీ. ప్రదర్శనశాలలో పక్కపక్కన పెట్టిన ఈ రెండు డైలు ఒకే మందంగా కనిపిస్తాయి, పనిలో వాటికి పోలిక లేదు. దాణా డైలో సరుగుడు పొడి వేసినచో రంధ్రాలు బిగుసుకొనిపోయి యంత్రం ఆగుతుంది, వాటిని డ్రిల్లుతో ఒక్కొక్కటిగా తొలగించుకోవలసి వస్తుంది. కట్టె డైలో దాణా వేసినచో అది నిరోధం లేకుండా జారి, బస్తాలోనే నుసిగా మారుతుంది.

డై మార్చుకొంటే సరిపోదా అన్న ప్రశ్న సహేతుకమే. కొంతవరకు సరిపోతుంది, కాని మిగిలిన యంత్రభాగాలు అడ్డువస్తాయి. వరిగడ్డి పొడి, రంపపు పొట్టు వంటి తేలికపాటి పదార్థాలు పక్కనుండి పోసే దారిలో కమానులా నిలిచిపోతాయి, అందుచేత వాటికి పైనుండి నేరుగా పడే నిలువు పోత గల రింగ్ డై యంత్రాలు అనుకూలం. దాణా యంత్రానికి పక్కపోత, దానిపై ఆవిరి కండిషనర్, దానికి బాయిలర్ ఉండాలి. కట్టెకు వాటి అవసరం లేదు. పైగా కట్టె పొడి, పెయింట్ లేదా మందు పూసిన చెక్క తునకలు దాణాలో కలిసే ప్రమాదం ఉన్నందున పరిశుభ్రత దృష్ట్యా కూడా ఒకే గదిలో రెండు పనులు తగవు.

గంటకు ఎన్ని టన్నులు?

కరపత్రంపై ముద్రించిన సామర్థ్యం ఏ పదార్థానిదో అడగకపోవడం కొనుగోళ్లలో జరిగే పెద్ద పొరపాటు. లెక్క కొరకు 110 కిలోవాట్ల మోటారును తీసుకొందాము. అది 85 శాతం భారంతో నడిచినప్పుడు 93.5 కిలోవాట్లు వాడుతుంది. పశువుల దాణాకు టన్నుకు 20 యూనిట్ల విద్యుత్తు చాలునని అనుకొంటే గంటకు 4.7 టన్నులు వస్తుంది. గట్టి కట్టెకు టన్నుకు 75 యూనిట్లు పడుతుందనుకొంటే వచ్చేది 1.25 టన్నులు మాత్రమే. యంత్రం అదే, మోటారు అదే, ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు. బ్యాంకు ఋణానికి సమర్పించే ప్రాజెక్టు నివేదికలో మొదటి అంకెను వేసి రెండవ పదార్థంతో నడిపిన సంఘం తొలి సంవత్సరంలోనే వాయిదా చెల్లించలేని స్థితికి చేరుతుంది. కట్టెకు ముక్కలుచేసే యంత్రం, సుత్తి మర, ఆరబెట్టే డ్రమ్ము, ఫ్యాన్లు అదనం. వాటి విద్యుత్తు పై లెక్కలో చేరలేదు.

గంటకు 100 నుండి 500 కిలోల స్థాయిలో దొరికే ఫ్లాట్ డై యంత్రాలు ప్రయోగానికి, ఒక గ్రామపు మందకు దాణా చేసుకొనడానికి పనికివస్తాయి. వాటిలో రోలరు వెలుపలి అంచు లోపలి అంచు కన్నా ఎక్కువ దూరం తిరగవలసి ఉండటం వల్ల జారుడు, అరుగుదల ఎక్కువ. రోజంతా నడిపే వ్యాపారానికి అవి తగినవి కావు.

సరుగుడు: ఇసుక, తేమ

తీరపు ఇసుక నేలలలో పెరిగే సరుగుడులో గుంజలకు, కాగితపు గుజ్జుకు పోయే మొద్దుకు ఎప్పుడూ ధర ఉంటుంది. దానిని పొడిచేసి పెల్లెట్‌గా మార్చడం దండగ. పెల్లెట్‌కు మిగిలేది చివర్లు, సన్నని కొమ్మలు, బెరడు, కోత మిల్లుల పొట్టు. వీటితో వచ్చే చిక్కు ఇసుక. నేలపై ఈడ్చిన కొమ్మ బెరడులో ఇసుక ఇరుక్కొంటుంది, వేళ్లతో పెకలించిన మొదళ్లలో మరింత ఎక్కువ. ఇసుక రేణువు డై రంధ్రాన్ని ఆకురాయివలె అరగదీస్తుంది. కనుక జల్లెడ డ్రమ్ము, అయస్కాంతం లేని కట్టె యూనిట్‌ను ఈ తీరంలో సిఫారసు చేయరాదు. ఆ రెండింటి ఖర్చును మిగుల్చుకొందామనుకొన్న సంఘం ఆ డబ్బునే డైల రూపంలో తిరిగి చెల్లిస్తుంది.

తేమ సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. కట్టె పొడిలో 10 నుండి 12 శాతం తేమ ఉన్నప్పుడు పెల్లెట్ బాగా కడుతుంది. 15 శాతం దాటితే రంధ్రం నుండి బయటపడగానే ఆవిరి విచ్చుకొని పెల్లెట్ పగులుతుంది, 8 శాతం కన్నా తగ్గితే ఒరిపిడి పెరిగి డై బిగుసుకొంటుంది. పచ్చి సరుగుడులో 45 శాతం తేమ ఉన్నదనుకొందాము. 10 శాతం తేమతో ఒక టన్ను పెల్లెట్లు చేయడానికి 900 కిలోల పొడి పదార్థం, అనగా 1,636 కిలోల పచ్చి కట్టె కావలెను. తొలగించవలసిన నీరు 636 కిలోలు. ఆరబెట్టే డ్రమ్ములో నష్టాలతో కలిపి కిలో నీటికి సుమారు 1,000 కిలోకేలరీలు ఖర్చు అవుతాయనుకొంటే, కిలోకు 3,500 కిలోకేలరీల కట్టె 180 కిలోలకు పైగా పొయ్యిలోనే కాలిపోతుంది. అదే కొమ్మలను నరికినచోటనే ఎండబెట్టి 20 శాతానికి తెచ్చినచో తొలగించవలసిన నీరు 125 కిలోలకు, పొయ్యి కట్టె 36 కిలోలకు తగ్గుతుంది.

నెల్లూరులో ఈ అవకాశం మార్చి నుండి జూన్ వరకు మాత్రమే ఉంటుంది. వార్షిక వర్షపాతంలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుండి డిసెంబరు లోపల కురుస్తుంది. ఆ మూడు నెలలు గాలిలోని తేమే తయారైన పెల్లెట్‌ను ఉబ్బించి విరగగొట్టగలదు. వేసవిలో ముడిపదార్థాన్ని ఎండబెట్టి కప్పు కింద నిల్వచేయగల స్థలం ఎంత ఉన్నదో, వర్షాకాలంలో యంత్రం అన్ని రోజులు నడుస్తుంది. యంత్రం ధరను పదిసార్లు బేరమాడే సంఘాలు గోదాము వైశాల్యాన్ని ఒక్కసారైనా లెక్కించకపోవడం విచారకరం.

వరిగడ్డి: పొయ్యికా, పశువుకా?

నిజమైన చర్చ ఇక్కడ ఉన్నది. ముత్తుకూరు మండలం నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో ప్రకటించిన విధానం బొగ్గు విద్యుత్ కేంద్రాలు బొగ్గుతో పాటు 5 శాతం బయోమాస్ పెల్లెట్లను కాల్చాలని నిర్దేశించినది. ఆ పెల్లెట్లు ప్రధానంగా పంట అవశేషాలతో చేసినవై ఉండాలన్నది అందులోని మాట. సరుగుడు పెల్లెట్లు చేసి విద్యుత్ కేంద్రానికి అమ్మవచ్చునని ఆశించే సంఘం ఆ ఒక్క వాక్యాన్ని ముందుగా చదవవలెను.

గిరాకీ పరిమాణాన్ని కూడా గ్రహించాలి. 800 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి భారంతో నడిస్తే రోజుకు స్థూలంగా 10 వేల టన్నుల బొగ్గు కాలుస్తుంది. అందులో 5 శాతం అంటే 500 టన్నులు. గంటకు 1.25 టన్నుల యంత్రం రోజుకు 20 గంటలు నడిచినా 25 టన్నులే వస్తుంది. ఒక యూనిట్‌కే ఇటువంటి యంత్రాలు ఇరవై కావలెను. చిన్న సంఘం ఒంటరిగా టెండరు వేయడం కన్నా అనేక సంఘాలు ఒక సేకరణదారుతో ఒప్పందం చేసుకొనడం ఆచరణ సాధ్యం.

అయితే వరిగడ్డి వ్యర్థం కాదు. డెల్టా మండలాల గడ్డి ఎండాకాలంలో పశ్చిమాన ఉదయగిరి వైపు మెట్ట మండలాల పశువులకు ఆధారం. టన్ను గడ్డిలో సుమారు 5 నుండి 8 కిలోల నత్రజని, 12 నుండి 17 కిలోల పొటాషియం ఉంటాయి. పొలం నుండి తరలించిన ప్రతి టన్నుతో ఆ పోషకాలు కూడా తరలిపోతాయి. ఇంధనంగా చూసినా వరిగడ్డి మేలైనది కాదు. అందులోని సిలికా డైని అరగదీస్తుంది, ఊకలో ఇది ఇంకా ఎక్కువ. ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే. పొటాషియం, క్లోరిన్ కలిసి బాయిలర్‌లో బూడిదను కరిగించి గొట్టాలకు అంటుకొనేలా చేస్తాయి.

పొయ్యికి ఏది, పశువుకు ఏది అన్న నిర్ణయానికి నెల్లూరు పంటకాలమే ఒక మార్గం చూపుతున్నది. ఈశాన్య రుతుపవనాలతో నాటిన ప్రధాన పంట మార్చి, ఏప్రిల్ నెలలలో కోతకు వస్తుంది. ఎండలో కోసిన ఆ గడ్డి మెరుస్తూ, పొడిగా, పశువులు ఇష్టపడే స్థితిలో ఉంటుంది. ఎడగారు పంట ఆగస్టు, సెప్టెంబరు నెలలలో కోతకు వస్తుంది. కోత యంత్రం వదిలిన ఆ గడ్డి తరచుగా వానలో నానుతుంది. నానిన గడ్డిలో బూజు పెరిగే అవకాశం ఉన్నందున దానిని పశువుకు వేయరాదు. కాని అదే వాన గడ్డిలోని పొటాషియంను, క్లోరిన్‌ను చాలవరకు కడిగివేస్తుంది. కడిగిన గడ్డి బాయిలర్‌కు మెరుగైన ఇంధనం. కడిగిపోయిన పొటాషియం ఆ పొలంలోనే మిగులుతుంది. పశువుకు చెడినది పొయ్యికి బాగుపడినదన్నమాట. తిరిగి ఎండబెట్టడమే ఇందులో కష్టం. సెప్టెంబరులో ఎండ కాసిన రోజులలో గడ్డిని తిరగవేసి, కట్టలు కట్టి, కప్పు కిందకు చేర్చగలిగిన సంఘానికే ఈ మార్గం సాధ్యం. అది చేయలేని చోట ఎడగారు గడ్డిని పొలంలోనే కలియదున్నడం మేలు. మార్చి గడ్డిని మాత్రం ఇంధన పెల్లెట్‌కు మళ్లించమని సలహా ఇవ్వడం మెట్ట మండలాల పశువుల నోటి దగ్గర మేతను తీసివేయడమే అవుతుంది.

గొర్రెలకు, పశువులకు సంపూర్ణ దాణా

జోడిపి, పల్ల, డోర రకాల నెల్లూరు గొర్రెలకు వేసవిలో మేత కొరత సహజం. గడ్డి పొడిని, వేరుశనగ చెక్క, తవుడు, మొక్కజొన్న వంటి వాటితో కలిపి సంపూర్ణ దాణా పెల్లెట్‌గా చేసినచో గొర్రె తనకు నచ్చినది ఏరుకొని మిగిలినది వదలడం ఉండదు. వదులుగా ఉన్నప్పుడు లారీ నిండినా బరువు తూగని గడ్డి, పెల్లెట్‌గా ఘనపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. డెల్టా నుండి మెట్టకు రవాణా ఖర్చు తగ్గడమే ఈ యూనిట్ అసలు లాభం.

దీనికి 6 నుండి 8 మి.మీ. డై, ఆవిరి కండిషనర్ గల రింగ్ డై యంత్రం తగినది. ఆవిరి వల్ల పిండి ఉష్ణోగ్రత 75 నుండి 85 డిగ్రీలకు చేరాలి. ప్రతి 11 నుండి 14 డిగ్రీల పెరుగుదలకు తేమ సుమారు ఒక శాతం పెరుగుతుంది, కనుక 12 శాతం తేమతో ప్రవేశించిన పిండి డై వద్దకు 16 శాతంతో వస్తుంది. ఆ అదనపు తేమను తీసివేసే కూలర్ లేకుండా దాణా యంత్రం కొనడం, ఉడికించిన దాణాను బూజుకు అప్పగించడమే. పశువుల దాణాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2052 నిర్దేశించిన గరిష్ఠ తేమ 11 శాతం. వేరుశనగ చెక్క వాడే చోట అఫ్లటాక్సిన్ దృష్ట్యా ఈ హద్దును దాటనీయరాదు.

గడ్డిని మరీ మెత్తగా దంచకూడదు. పెల్లెట్ గట్టిగా వస్తుంది గాని నెమరు తగ్గుతుంది, పాడి పశువులలో పాల వెన్న పడిపోతుంది. పాడి పశువులకు పెల్లెట్‌తో పాటు కొంత పొడవైన గడ్డి లేదా చొప్ప విడిగా వేయవలెను. సుబాబుల్ ఆకు పొడిని కలిపేవారు దానిలోని మైమోసిన్‌ను దృష్టిలో ఉంచుకొని మొత్తం మేతలో 30 శాతం లోపే పరిమితం చేయాలి.

రొయ్యల మేత

తీరంలో అందరి కన్ను రొయ్యల మేతపైనే ఉంటుంది. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చిన తరువాత గిరాకీ పెరిగినది. రొయ్యల సాగు ఖర్చులో సగం, అంతకు మించి మేతదే. తోటపల్లి గూడూరు మండలం అనంతపురంలోని వాటర్‌బేస్ వంటి పెద్ద మిల్లులు జిల్లాలోనే ఉన్నాయి. అయినప్పటికీ చిన్న సంఘాలకు ఈ రంగాన్ని సూచించడం తొందరపాటు.

రొయ్య మేతను మింగదు, కొరుకుతూ నెమ్మదిగా తింటుంది. పెల్లెట్ నీటిలో మునిగి కనీసం రెండు గంటలు విడిపోకుండా ఉండాలి. ఇందుకు ముడిపదార్థమంతా 250 మైక్రాన్ల జల్లెడ గుండా పోయేటంత మెత్తగా ఉండాలి. 90 డిగ్రీలకు పైగా ఆవిరిలో వరుస కండిషనర్లు, పెల్లెట్ అయిన తరువాత మరల ఉడికించే గది, ఆరబెట్టే యంత్రం, పిల్ల రొయ్యలకు నూక చేసే యంత్రం కావలెను. పెల్లెట్ యంత్రం ఈ వరుసలో ఒక చిన్న భాగం మాత్రమే. ఆంధ్రప్రదేశ్ మత్స్య మేత నాణ్యత నియంత్రణ చట్టం, 2020 ప్రకారం లైసెన్సు కూడా తప్పనిసరి. నీటిలో విడిపోయిన మేత చెరువు అడుగున కుళ్లి అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. మేతలో పొదుపు చేసిన సొమ్ము పంట మొత్తంగా పోవచ్చును.

కొనుగోలుకు ముందు పరీక్ష

విక్రేత తన పదార్థంతో చూపే ప్రదర్శనను లెక్కలోనికి తీసుకొనరాదు. సంఘం తన గ్రామపు గడ్డిని లేదా కొమ్మల పొడిని, అక్కడి ఇసుకతోనే, కనీసం రెండు టన్నులు తీసుకొనిపోయి నడిపించాలి. మొదటి గంట డై వేడెక్కుతుంది, ఆ ఉత్పత్తిని వదలి తరువాతి గంటల బరువును, విద్యుత్ మీటరు అంకెను నమోదు చేయాలి. చల్లారిన పెల్లెట్లను 500 గ్రాములు తూచి, ప్రామాణిక డబ్బాలో నిమిషానికి 50 చుట్లు చొప్పున పది నిమిషాలు తిప్పి జల్లించాలి. జల్లెడపై మిగిలిన శాతమే దృఢత్వ సూచిక. మేలైన కట్టె పెల్లెట్‌లో ఇది 97 దాటుతుంది. దాణాలో 90 దాటితే రవాణాను తట్టుకొంటుంది.

అమ్మకపు పత్రంలో హార్స్‌పవర్‌కు బదులుగా పదార్థం పేరు, తేమ శాతం, ఆ తేమలో గంటకు ఉత్పత్తి, టన్నుకు యూనిట్లు, డై నిష్పత్తి రాయించుకోవాలి. అదనపు డై ఒకటి, రోలరు తొడుగుల జత ఒకటి యంత్రంతో పాటే తీసుకొనడం మంచిది. దాణా యంత్రానికి ఆవిరిని, తీరపు గాలిని తట్టుకొనే క్రోమియం ఉక్కు డై ఎంచుకోవాలి.

కొత్త డైని మెత్తని ఇసుక, తవుడు, నూనె కలిపిన మిశ్రమంతో కొంతసేపు నడిపి రంధ్రాలను నునుపు చేయాలి. ప్రతిరోజు కట్టె యంత్రాన్ని ఆపే ముందు ఇసుక లేకుండా తవుడు, నూనె మాత్రమే కలిపి డై గుండా పంపాలి. రంధ్రాలలో ఆ మెత్తని ముద్ద నిలిచి ఉన్నచో మరుసటి ఉదయం యంత్రం సులభంగా మొదలవుతుంది. కట్టె పొడి నిలిచి ఉన్నచో రాత్రికి రాత్రే రాయిలా గట్టిపడుతుంది. ఈ పనికి రోజుకు పట్టే తవుడు ఒక బకెట్టు. రైస్ మిల్లు లేని మండలం నెల్లూరు డెల్టాలో అరుదు కనుక దానికి కొరత రాదు.